మీది చేప, నాది చెలిమె నీళ్లు

(బొగ్గు గనిలో పర్యావరణ అధికారిణిగా పనిచేసి పదవీ విరమణ పొందిన సూర్యప్రభకు మే నెలాఖరున ఎల్బీనగర్‌లోని ఒక ఫంక్షన్ హాలులో సన్మానం జరిగింది. ఆ సభలో ఆమె చివరగా మాట్లాడిన మాటలు ఇవి.)

సభకు అధ్యక్షులైన మా పూర్వపు జనరల్ మేనేజర్ రామమోహనరావుగారికి, తెల్లారకముందే గని దగ్గర బండెక్కి ఇంత దూరం వచ్చిన ముఖ్య అతిథి, మా ప్రాజెక్టు అధికారి వంశీకృష్ణగారికి, మైకు వదలడం ప్రాణసంకటమైనా నా కోసం కాసేపు వదిలిపెట్టిన సభా నిర్వాహకుడు ప్రసన్నకుమార్‌గారికి (నవ్వులు), నాతో కలిసి ఎండలో మాడి, వానలో తడిసి, ఇవాళ ఇస్త్రీ బట్టల్లో గుర్తుపట్టలేకుండా తయారై వచ్చిన సహోద్యోగులకు, మా గడ్డిఅన్నారం అపార్ట్‌మెంట్ వాళ్లకు, భోజనాలు చల్లారిపోతాయేమోనని ఆ తలుపు వైపే చూస్తున్న బంధువులకు, అందరికీ నమస్కారం. భోజనాలు చల్లారవు. నేను త్వరగానే ముగిస్తాను. అలా అని నమ్మించకుండా ఏ ప్రసంగమూ మొదలుపెట్టకూడదని మా ఆయన చెప్పారు. (నవ్వులు)

ఇంతకుముందు మాట్లాడినవాళ్లు నన్ను చాలా పొగిడారు. పొగడ్త చేదుగా ఉంటుందని నేననను, బాగానే ఉంది, ఇంకాస్త ఉన్నా వినేదాన్నే. కానీ ప్రసన్నకుమార్‌గారు ఊపులో నన్ను 'నెమ్మివాగు కన్నతల్లి' అనేశారు. అయ్యా, వాగు నాకంటే వయసులో చాలా పెద్దది. నేను పుట్టకముందూ పారింది, మా గని పుట్టకముందూ పారింది. నేను చేసిందల్లా దాని దారికి మా మట్టి అడ్డం పడకుండా చూసుకోవడం. అది కూడా ఒక్కదాన్నే చేయలేదు, చేయమని పదిమంది వెంటపడి సతాయించాను. ఆ పదిమందీ ఈ హాల్లోనే ఉన్నారు గనుక ఎక్కువ గొప్పలు చెప్పుకోవడానికి కూడా వీల్లేదు.

మా అపార్ట్‌మెంట్ వాళ్ల కోసం ఒక్క మాట. ఇన్నేళ్లుగా నేను సోమవారం పొద్దున్నే ఎల్బీనగర్‌లో బస్సెక్కి పోయి, శనివారం సాయంత్రం దుమ్ముకొట్టుకుని దిగడం మీరు చూస్తున్నారు. నేను అక్కడ ఏం చేస్తానో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియదు. ఎదురింటి కౌసల్యమ్మగారు నేను గనిలోకి దిగి బొగ్గు తవ్వుతానని అనుకున్నారు. "తలకు నూనె బాగా పట్టించమ్మా, మసి తొందరగా వదులుతుంది" అని ప్రతి ఆదివారం సలహా ఇచ్చేవారు. ఆ ప్రేమకు ఎదురు చెప్పలేక నూనె రాసుకునేదాన్ని. అదిగో, నవ్వుతున్నారు. పిన్నిగారూ, నా జుట్టు ఇంకా ఇంత ఉందంటే అది మీ చలవే.

మాది ఓపెన్‌కాస్ట్ గని, అంటే పైనుంచి తెరిచి తవ్వేది. బొగ్గు భూమి లోపల ఎక్కడో ఉంటుంది. దాన్ని తీయాలంటే మీదున్న మట్టినీ రాయినీ ముందు తవ్వి పక్కన పోయాలి. పోయగా పోయగా అది గుట్ట అవుతుంది. దేవుడు చేసిన గుట్టకు చెట్టూ గడ్డీ ఉంటాయి, మేం చేసిన గుట్టకు మొదట్లో ఏమీ ఉండదు. వాన పడితే మట్టి నీళ్లతో కలిసి కిందికి దూకుతుంది. కింద నెమ్మివాగు ఉంది. వాగు పక్కన నెమ్మిగూడెం ఉంది. అందుకని గుట్ట చుట్టూ మెడలో దండ వేసినట్టు ఒక కాలువ తవ్వుతాం. ఆ కాలువలోకి దిగిన నీటిని నేరుగా వాగులోకి పోనివ్వకుండా ఒక చెరువులోకి మళ్లిస్తాం. గని గుంతలోంచి పంపులతో తోడిన నీరు కూడా అక్కడికే వస్తుంది. పాలకూర కడిగేటప్పుడు గిన్నెలో కాసేపు ఆపితే ఇసుక అడుక్కి దిగుతుంది చూడండి, అలాగే చెరువులో మట్టి దిగి, పైన తేటపడిన నీరే వాగులో కలవాలి. గుట్టకూ వాగుకూ నడుమ కొంత జాగా వదిలి గడ్డీ వెదురూ పెంచుతాం. ఇంతే నా ఉద్యోగం. నీళ్లకు దారి చూపించడం, మట్టిని ఆపడం. దీనికి ఇంత పెద్ద శాలువా అవసరం లేదు, కానీ కప్పారు గనుక తిరిగివ్వను.

ఆ మధ్య మన సరూర్‌నగర్ చెరువు పొంగి, మా వీధిలో స్కూటర్లు తేలిన ఏడాది మీకు గుర్తుందిగా. అప్పుడు అందరూ నా చుట్టూ చేరి "మేడం, మీరు నీళ్ల డిపార్ట్‌మెంటే కదా, ఏదైనా చేయండి" అన్నారు. నేనేం చేస్తాను? నీళ్ల దారిలో మనం ఇళ్లు కట్టుకున్నాం, నీళ్లు తమ అడ్రసు వెతుక్కుంటూ వచ్చాయి. మా సెల్లార్‌లో మోకాళ్ల దాకా నిలబడి చూస్తుంటే, గని దగ్గర తెల్ల హెల్మెట్ పెట్టుకుని అందరికీ కాలువల పాఠాలు చెప్పే నాకు భలే సిగ్గేసింది. ఇకమీదట ఏం చేస్తావని పొద్దుటినుంచి అందరూ అడుగుతున్నారు. ముందు మా సెల్లార్ సంగతి చూస్తాను. అసోసియేషన్ సెక్రటరీగారు తల దించుకోనవసరం లేదు, ఇవాళ కాదు, సోమవారం వస్తాను మీ దగ్గరికి.

ఇక అసలు మాటకు వస్తాను. పొద్దుటినుంచి 'మృగశిర భోజనం, మృగశిర భోజనం' అని అందరూ అంటున్నారు గాని, అది ఎలా మొదలైందో ఎవరూ చెప్పలేదు. దాన్ని మొదలుపెట్టిన మనిషి ఇక్కడే ముందు వరుసలో, ఫ్యాను గాలి సరిగ్గా తగిలే కుర్చీ చూసుకుని కూర్చుంది. అండాలమ్మ. నెమ్మిగూడెంలో వాగుకు అందరికంటే దగ్గరి ఇల్లు ఆమెది. ఇవాళ వంశీకృష్ణగారి బండిలోనే వచ్చింది. లే అండాలమ్మా, ఒకసారి అందరికీ కనిపించు. లేవదట. "కూసున్నా కనిపిస్తనే" అంటోంది. (నవ్వులు, చప్పట్లు)

నేను ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో నెమ్మిగూడెం వెళ్లి, అరుగు మీద ఊరివాళ్లను కూర్చోబెట్టి, మా గని నీళ్లు పరీక్ష చేయించాం, అంతా బాగుంది అని రిపోర్టు చదివి వినిపించాను. అందరూ తలలు ఊపారు. అండాలమ్మ ఊపలేదు. "మంచిగ సదివినవ్ బిడ్డా. గాని గీ కాయితం నేను వండుకోని తింటనా? మిరుగం నాడు మా ఇంటికి రా. మా వాగుల చాప తిను. నువ్వు తింటె నేను నమ్ముత" అంది. తెలంగాణలో పుట్టినవాళ్లకు చెప్పనక్కరలేదు, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లకు కూడా ఈపాటికి అలవాటైపోయే ఉంటుంది. మిరుగం అంటే మృగశిర, ఆ కార్తె వచ్చిన రోజున ఇంటింటా చేప ఉడకాల్సిందే. ఆ రోజు చేప తింటే వానాకాలం ఒంటికి జబ్బు రాదంటారు.

నా ఇబ్బంది వేరే. మా ఇంట్లో తరతరాలుగా చేప గడప దాటలేదు. మా ఆయన యోగేందర్ కూడా తినరనే నేను నమ్ముతాను. (నవ్వులు) ఇంత గట్టిగా నవ్వుతున్నారంటే మీరంతా ఆయనతో కలిసి తిన్నట్టుంది. సరే, ఆ విచారణ ఇంటికి పోయాక. "అమ్మా, నేను చేప తినను" అని అండాలమ్మకు చెప్పాను. ఆమె, "గట్లయితే తినేటోళ్లను తోలుకరా. మీ పెద్దసార్లను తోలుకరా. ఆళ్లు చాప తింటరు, నువ్వు మా చెలిమె నీళ్లు తాగు. సరేనా?" అంది. చెలిమె అంటే పట్నంలో పెరిగిన పిల్లలకు తెలియదేమో, వాగు ఇసుకలో చేత్తో గుంట తవ్వితే ఊరే నీళ్లు. ఎండాకాలమంతా నెమ్మిగూడెం తాగేది అవే.

ఆ బేరానికి నేను ఒప్పుకున్నాను. అప్పటినుంచి ఏటా మృగశిర నాడు మా గని అధికారులు, డంపర్ నడిపేవాళ్లు, డోజర్ నడిపేవాళ్లు, కాలువ పని చేసేవాళ్లు అందరం కలిసి గుట్ట పైనుంచి కాలువ వెంట నడిచి, చెరువు చూసి, వాగు దిగి, అండాలమ్మ వాకిట్లో మోదుగ విస్తర్ల ముందు కూర్చునేవాళ్లం. వాళ్లకు గనికి దిగువన వాగు మడుగులో పట్టిన చేప. నాకు పచ్చిపులుసూ అన్నం, చెంబు నిండా చెలిమె నీళ్లు. మొదటి ఏడాది వచ్చిన పెద్దసారు ఒకాయన ముక్క నోట్లో పెట్టుకునే ముందు నా చెంబు వైపు చూశారు. నేను తాగేదాకా ఆయన తినలేదు, ఆయన తినేదాకా నేను గుటక వేయలేదు. (నవ్వులు)

అది చూసి అండాలమ్మ నవ్వింది. నాకు మాత్రం ఆ రోజే ఒక సంగతి తెలిసివచ్చింది. మనిషికి తన నోటి దాకా వచ్చే పని మీద ఉన్న శ్రద్ధ ఇంకే పని మీదా ఉండదు. ఆ భోజనం ఒక్క పూటదే, కానీ ఆ విస్తరి భయం ఉగాది దాటిన దగ్గర్నుంచీ అందరికీ పట్టుకునేది. "మేడం, కాలువలో ఆ మలుపు దగ్గర రాళ్లు పడ్డాయి, తీయించండి, మిరుగం వస్తంది" అని డంపర్ నడిపేవాళ్లే వచ్చి చెప్పేవాళ్లు. నేను ఎన్ని మీటింగులు పెట్టినా జరగని పని అది.

ఇప్పుడు ఒక చేప కథ చెప్పాలి. ప్రసన్నకుమార్‌గారూ, ఆ మంచినీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి, మీకు దాహమేస్తుంది. (నవ్వులు)

రామమోహనరావుగారు మా గనికి జనరల్ మేనేజర్‌గా వచ్చిన మొదటి వేసవి అది. రోహిణి కార్తెలోనే ఎప్పుడూ లేనంత వాన కొట్టింది. సిబ్బంది వ్యవహారాలు చూసే మా ప్రసన్నకుమార్‌గారు భోజనం ఏర్పాట్ల కోసం ముందుగా నెమ్మిగూడెం వెళ్లి చూస్తే, వాగు ఎర్రటి బురదగా పారుతోంది. మడుగులో వల వేస్తే చెత్త తప్ప చేప పడలేదు. కొత్త పెద్దసారు మొదటిసారి వస్తున్నారు, పరువు పోతుందని ఈయనకు పరేషాన్ మొదలైంది. సెలవు మీద ఇంటికి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో కోస్తా చేపలు అమ్మే కొట్టుకు వెళ్లి, ఉన్నవాటిలో మేలైనది ఏదంటే అది కొని, ముక్కలు కొట్టించి, ఐసు డబ్బాలో పెట్టుకుని బస్సెక్కారు. ఈయనది బాపట్ల వైపు. ఆయన దృష్టిలో మేలైన చేప అంటే ఒక్కటే. అదే బస్సులో పక్క సీట్లో నేను. డబ్బాలో ఏమిటండీ అంటే, "మందులండి మేడంగారూ, ఐసులో ఉంచాలిటండి" అన్నారు. ఆ మందుల వాసనకు సూర్యాపేట దాకా నేను కిటికీలోంచి తల లోపలికి పెట్టలేదు. (నవ్వులు)

విస్తర్లు వేశారు. పులుసు వడ్డించారు. అందరూ పెద్దసారు వైపు చూస్తున్నారు. రామమోహనరావుగారు ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. నేను చెంబు పట్టుకుని ఉన్నదాన్ని ఉన్నట్టే ఉన్నాను. ఆయన మెల్లగా అండాలమ్మను అడిగారు.

"అమ్మా, మీ వాగు ఎందులో కలుస్తుందండీ?"

"గోదాట్ల కలుస్తది సారూ."

"అలాగా. మాది నరసాపురం పక్కనమ్మా. ఇది పండుగప్ప. ఉప్పు గాలి తగిలే నీళ్లలో పెరిగే చేప. అయితే ఇది సముద్రం ఒడ్డు నుంచి గోదావరికి ఎదురీది, ఆనకట్ట ఎక్కి, ఇంత దూరం మన మృగశిర భోజనానికి వచ్చిందన్నమాట." (నవ్వులు, చప్పట్లు)

అండాలమ్మ గరిటె ఆపకుండానే, "నన్నడుగుతరేంది సారూ? గా సారు డబ్బాలకెల్లి తీసిచ్చిండు, వండుమన్నడు, వండిన" అంది. అందరి తలలూ ప్రసన్నకుమార్‌గారి వైపు తిరిగాయి. ఆయన అప్పుడు ఎలా ఉన్నారో చూడాలంటే ఇప్పుడు చూడండి, సరిగ్గా ఇలాగే ఉన్నారు. (నవ్వులు)

ఆ రోజు కూడా ముందు అందరం నవ్వాం. రామమోహనరావుగారు నవ్వలేదు. "వాగులో చేప ఎందుకు దొరకలేదు?" అని అడిగారు. ఆయన విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, వాగు వెంట పైకి నడవడం మొదలుపెట్టారు. మేమంతా వెనక. చెరువు దగ్గరికి వెళ్లి చూస్తే, అది అంచుల దాకా మట్టితో నిండిపోయి ఉంది. గిన్నె నిండా ఇసుకే ఉంటే ఇక పాలకూర ఏం కడుగుతాం? కాలువలోంచి వచ్చిన బురద నీరు దాని మీద నుంచే జారుకుంటూ వాగులోకి పోతోంది. "పూడిక ఎందుకు తీయలేదు?" అన్నారు. "అడిగాను సార్. యంత్రాలన్నీ బొగ్గు దగ్గర ఉన్నాయి, నెలాఖరు దాకా రావన్నారు" అన్నాను. నా కోపం ఆయనకు వినబడే ఉంటుంది.

ఆయన చెరువు గట్టు మీద నిలబడే ఒక మాట అన్నారు. "ఈ వారం బొగ్గు తగ్గుద్ది. తగ్గనివ్వండి. పైవాళ్లకు సమాధానం నేను చెప్పుకుంటాను. యంత్రాలు ఇటు పంపండి." ఆ సమాధానం ఆయన చెప్పుకున్నారు. ఎంత కష్టపడి చెప్పుకున్నారో మాకు తర్వాత తెలిసింది. రామమోహనరావుగారు చాలమ్మా చాలు అని చెయ్యి ఊపుతున్నారు. చాలదు సార్. ఈ మాట నేను ఉద్యోగంలో ఉండగా అంటే కాకా పడుతున్నాననేవారు. ఇవాళ నాకు మీతో పని లేదు గనుక నిజం చెప్పుకోనివ్వండి. మీరు ఆ రోజు ఆ మాట అనకపోయి ఉంటే నేను ఈ ఉద్యోగం మానేసి, మా యోగేందర్ కోచింగ్ సెంటర్‌లో పిల్లలకు కెమిస్ట్రీ చెప్పుకుంటూ ఉండేదాన్ని. (చప్పట్లు)

ఆ ఏడాది మేం చేప తినలేదు. అండాలమ్మ ఆ పండుగప్పను వాకిట్లో ఒక్కరికి కూడా మళ్లీ వడ్డించలేదు. "ఇయ్యాల మా వాగుల చాప లేదు. పచ్చిపులుసు తిని పోండ్రి. మల్ల యాడాది రాండ్రి" అంది. నా వంతు మాత్రం నేను తప్పించుకోలేదు. చెలిమె నీళ్లు తాగాను. మట్టి వాసన వచ్చింది. తాగినంతసేపూ అండాలమ్మ నా ముఖం వంకే చూస్తూ నిలబడింది. మరుసటి ఏడాది మాత్రం కొర్రమీను పడింది. రామమోహనరావుగారు రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు. అది కూడా ఆయన చెప్పొద్దంటున్నారు, డాక్టరు వద్దన్న రోజుల్లో తిన్నారట. (నవ్వులు)

నేను సంతోషంగా వెళ్తున్నాను. ఇది సభలో అనాల్సిన మాట గనుక అనడం లేదు. నాకు ఇల్లు నడిపిపెట్టిన మనిషి దొరికాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో పొద్దున్నే లెక్కలు చెప్పి, ఇంటికి వచ్చి కుక్కరు పెట్టి, మా అమ్మాయి తన్మయికి రెండు జడలు వేసి బడికి పంపిన మనిషి. మొదట్లో ఆ జడలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండేవి. టీచరు అడిగితే మా పిల్ల "మా అమ్మ గనిలో ఉంది, మా నాన్న నేర్చుకుంటున్నాడు" అని చెప్పిందట. సోమవారం పొద్దున బస్టాపులో నన్ను దింపేటప్పుడు ఒక్కనాడు కూడా "ఇంకెన్నాళ్లు" అని అడగలేదు. యోగేందర్, మీరు అడగనందుకు నేను ఇన్నేళ్లు ఆ వాగు దగ్గర ఉండగలిగాను. చేప సంగతి క్షమించేస్తున్నాను. (నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

ఇంత సంతోషంలోనూ ఒకటి మనసులో గుచ్చుకుంటోంది. చెప్పకుండా కూర్చుంటే ఇవాళ భోజనం నాకు ఒంటబట్టదు. మొన్న ప్రసన్నకుమార్‌గారు ఫోన్ చేసి, "మేడంగారూ, ఎనిమిదో తారీకున గెస్ట్‌హౌస్‌లో భోజనాలండి, మీరు రిటైరైనా పిలుస్తున్నాం, మీకు పనీర్ బిర్యానీ చెప్పమంటారా?" అని అడిగారు. ఎనిమిదో తారీకు మృగశిర. అదేమిటండీ, నెమ్మిగూడెం భోజనం కదా ఆ రోజు అంటే, పైవాళ్ల వీడియో సమావేశం అదే రోజు పడిందట, వానాకాలం ముందు ఏర్పాట్ల గురించే సమావేశమట, అందుకని ఈ ఏడాదికి గెస్ట్‌హౌస్‌లోనే చికెన్ బిర్యానీ, పనీర్ బిర్యానీ. ప్రసన్నకుమార్‌గారు అమాయకంగానే అడిగారు. నేను ఫోన్ పెట్టేశాను. నాకు బాధేసింది. దాచుకోను.

వంశీకృష్ణగారూ, మీరు మంచి అధికారి. ఇది మీరు కావాలని చేసింది కాదని నాకు తెలుసు. కానీ తూర్పు గుట్ట చుట్టూ కాలువ ఇంకా పూర్తిగా కలవలేదు. ఆ చివర కొంచెం ముక్క అలాగే ఉండిపోయింది. బిర్యానీ గెస్ట్‌హౌస్‌కు వస్తే ఆ ముక్క గురించి ఎవరికీ తొందర ఉండదు. ఈ ఏడాదికి భోజనం ఆగుతుంది, మరుసటి ఏడాదికి అలవాటు పోతుంది, ఆ తర్వాత వాగు ఏ రంగులో పారుతోందో చూడటానికి ఎవరికీ పని పడదు. నా కుర్చీలో ఇంకా ఎవరినీ వేయలేదు. వేస్తారు, ఆ నమ్మకం నాకుంది. కానీ వాన ఆర్డర్ల కోసం ఆగదు కదా.

(వంశీకృష్ణ కూర్చున్న చోటి నుంచే: "మేడం, మీరు తప్పకుండా రావాలి. మీరు వస్తానంటే సమావేశం వేరే రోజుకు మార్పించుకుంటాను. అందరం నెమ్మిగూడెమే పోదాం." చప్పట్లు.)

చాలా సంతోషం. కానీ నేను రాను.

రావాలని లేక కాదు. ఎనిమిదో తారీకు పొద్దున నాకు తెలియకుండానే బస్టాపు వైపు కాళ్లు లాగుతాయి. అయినా రాను. నేను వస్తే మీరంతా నా కోసం తింటారు. సూర్యప్రభ మేడం బాధపడుతుందని, పెద్దావిడ మాట పోగొట్టకూడదని తింటారు. ఒక ఏడాది తింటారు, రెండేళ్లు తింటారు, నా మోకాళ్లు పట్టేసి నేను రాలేని ఏడాది మానేస్తారు. నేను లేని విస్తరి ముందు కూర్చుని తింటేనే అది వాగు కోసం తిన్నట్టు. ఇన్నేళ్లూ నేను చేసిన పని నిలబడిందో లేదో నాకు తెలిసేది ఆ ఒక్క పూటే. శాలువా కంటే నాకు అది ఎక్కువ.

పొద్దున అండాలమ్మ బండి దిగగానే నన్ను పక్కకు పిలిచి, చీరకొంగు చాటు నుంచి ఒక సీసా తీసి చేతిలో పెట్టింది. ఇదిగో, ఇదే. నిన్న సాయంత్రం చెలిమె తోడి పట్టుకొచ్చిందట. "ఇదెందుకు అండాలమ్మా, ఇక్కడ నల్లా ఉంది కదా" అన్నాను. "మిరుగం నాడు నువ్వుండవు గద బిడ్డా. నీ వంతు ఎవలు తాగాలె? బేరం బేరమే" అంది. నేను రానని ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. నాకే ఆ మాట నిన్నటి దాకా తెలియదు.

బేరం బేరమే. అధ్యక్షులు అనుమతిస్తే, ఈ ఏడాది నా వంతు ముందుగానే, మీ అందరి ఎదుటే తీర్చేస్తాను.

(సీసా మూత తీసి, ఆగకుండా తాగుతారు.)

మట్టి వాసన లేదు. తియ్యగా ఉన్నాయి.

నన్ను భరించినవాళ్లకు, నాతో పోట్లాడినవాళ్లకు, వానలో కాలువ వెంట నడిచినవాళ్లకు, పొద్దుటినుంచి ఇక్కడ కూర్చుని వినివిని ఆకలి మీదున్నవాళ్లకు, అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. అండాలమ్మా, ఇదిగో నీ సీసా, ఖాళీ అయింది, తీసుకో. మృగశిరకు విస్తర్లు ఎన్ని కుట్టాలో వంశీకృష్ణగారిని అడుగు. నన్ను అడగకు, నేను రిటైరయ్యాను.

సెలవు.